ఉత్త తూటా

తుపాకి కొనేటోనికి సవాలక్ష అనుమానాలుంటయి. ఎంత దూరం పోతది, తూటా ఎంత మందం, ఏ జంతువును పడగొడ్తది. ఆ తుపాకికి భుజానికి ఆనే చెక్క మడమ చెక్కెటోనికి మాత్రం ఒక్కటే అనుమానం. ఈ దెబ్బను ఈ భుజం తట్టుకుంటదా, లేదా? గల్ఫుల, మీనా సల్మాన్ రేవు కాడి వర్క్‌షాపుల పదకొండేండ్ల సంది చెక్కతోనే బతుకుతున్న ముత్తన్న, మనిషి తుపాకి ఎత్తి భుజానికి ఆనిచ్చుకుంటె చాలు, ఆ సంగతి చెప్పగలడు. బూ రాషిద్ విషయంల గూడ ఆయనకు తెల్సింది. చెప్పలేదు.

బూ రాషిద్ ఆ వర్క్‌షాపు ఓనరు, ముత్తన్నకు వీసా ఇచ్చి పెట్టుకున్న కఫీల్. తలుపులు, అల్మారాలు, పడవల లోపటి చెక్కపని చేసే జాగ అది. వేట పిచ్చి ఓనరు సొంతం. వచ్చే నెల మేనమామ హాజీ యూసుఫ్ వెంట ఆఫ్రికా పోతున్నడు. హాజీకి డెబ్బై ఏండ్లు, నలభై ఏండ్ల సంది వేట. ఆయన షరతు ఒక్కటే. నాతోని వచ్చేటోడు ఒక్క తుపాకి తేవాలె. జింకకు అదే, అడవిదున్నకు అదే. ఇంట్లున్నయన్ని మూటగట్టుకొని వస్తె విమానం కాడనే వదిలిపెట్టి పోత అన్నడట.

అందుకే బల్ల మీద మూడు తుపాకులు. థర్టీ నాట్ సిక్స్, త్రీ హండ్రెడ్ మాగ్నం, త్రీ సెవెంటీ ఫైవ్. ఈ అంకెలతోని తనకేం పనని ముత్తన్న వాటికి చిన్నది, నడిపిది, పెద్దది అని పేర్లు పెట్టుకున్నడు. చిన్నది బూ రాషిద్ చేతిల పదేండ్లుగ ఉన్నది. నడిపిదాని తూటా గూడ అదే మందం, మందు ఎక్కువ, అంతే. పెద్దదాని తూటా చిటికెన వేలంత సీసం, పైన రాగి తొడుగు. దున్నను గాని సింహాన్ని గాని నిలువున కూలుస్తది, అన్నిటికి పనికొచ్చేది ఇదేనని దోస్తులు ఎక్కిచ్చిండ్రు. బూ రాషిద్ మనసు దాని మీదనే పడ్డది. మడమ కుదిరితె కొంటనని బయానా ఇచ్చి తెచ్చిండు.

నెల దినాలు కష్టపడ్డడు ముత్తన్న దాని మడమ మీద. అక్రోటు చెక్క. దీపం మసి గొట్టానికి రాసుడు, చెక్కల కూసోబెట్టుడు, మల్ల లేపి నల్లగ అంటిన కాడ ఉలితోని గీకుడు. వెంట్రుకంత సందు లేకుండ కూసున్నంక అవిసె నూనె పట్టిచ్చి అరచేత్తోని రాసుడు. చివరకు దెబ్బ తగలకుండ వెనుక మెత్తటి రబ్బరు అతికిచ్చిండు. ఆ చెక్క నునుపు చూసి బామ్మర్ది పరశురాం, "బావా, ఇది తుపాకా, పెండ్లిపిల్ల చెంపనా?" అని నవ్విండు. పరశురాం అదే వర్క్‌షాపుల పాలిషు పని. ముప్పై రెండేండ్లోడు, ముత్తన్న భార్య శోభారాణికి ఒక్కగానొక్క తమ్ముడు. ముత్తన్ననే వీసా తెప్పిచ్చిండు.

బుధవారం పగటీలి బూ రాషిద్ ముత్తన్నను షూటింగు రేంజికి తీస్కపోయిండు. మడమ కుదిరిందా లేదా చూసుకోవాలె, కుదరకపోతె అక్కడనే గుర్తు పెట్టుకోవాలె. తూటాలు ఎక్కిచ్చి ఇచ్చేది ముత్తన్న, కాల్చేది ఓనరు. చిన్నదానితోని ఐదు కాలిస్తె కాయితం మీద ఐదు పొక్కలు అరచేయి కింద దాగినయి. నడిపిదానితోని జెర చెదిరినయి. పెద్దదానితోని ఒకటి కింద, ఒకటి పక్కన, ఒకటి కాయితానికే తగలలె.

"మడమ సక్కగ లేదు," అన్నడు బూ రాషిద్, భుజం రుద్దుకుంట.

ముత్తన్నకు చురుక్కుమన్నది. నెల దినాల పని! తప్పు తన చెక్కదా, ఆ మనిషిదా? తేల్చుకునే ఉపాయం ఆయన కీసలనే ఉన్నది. మందు లేని ఉత్త తూటాలు. మడమ చెక్కినంక తూటా సాఫుగ ఎక్కుతున్నదా దిగుతున్నదా చూసేటందుకు వర్క్‌షాపుల వాడేటియి. మూడు అసలు తూటాల నడుమ ఒక ఉత్తది పెట్టి తుపాకి చేతికిచ్చిండు.

మొదటిది పేలింది. రెండోసారి మీట నొక్కితె టిక్కుమన్నది, అంతే. పేలలె. దెబ్బ లేదు, చప్పుడు లేదు. అయినా గొట్టం మూతి జానెడు కిందికి దిగబడ్డది. భుజం ముందుకు తోసుకున్నది. బూ రాషిద్ రెండు కండ్లు గట్టిగ మూసుకొని ఉన్నడు, సూది జూసిన పసిపోరని లెక్క. తుపాకి తన్నుతదని ముందే వణికి, మీట నొక్కకముందే గొట్టాన్ని కిందికి గుంజుతున్నడు. ఇంకేం గావాలె? మడమల ఏ తప్పు లేదు. ఈ మనిషికి ఈ తుపాకి అంటె భయం.

"ఏమైంది?" అని కండ్లు తెరిచి గుర్రుమన్నడు బూ రాషిద్. పక్క బల్ల కాడ ఎవరో ఇద్దరు ఇటే చూస్తున్నరు.

సాబ్, మీకు చిన్నదే మంచిగుంటది. ఆ మాట ముత్తన్న నాలుక మీదికి వచ్చింది. నలుగురి ముందట కఫీల్‌కు భయమని చెప్పేటోడెవడు? పదకొండేండ్లల నేర్చుకున్న మాటే నోట్లెకెల్లి వచ్చింది.

"తూటా ఖరాబ్ సాబ్. తుపాకి ఏక్ నంబర్."

బూ రాషిద్ మొఖం విప్పారింది. "నాకు తెల్సు," అన్నడు. "ఇదే కొంటున్న. శుక్రవారం పొలంల అసలు పరీక్ష. నీ బామ్మర్దికి పశువులు పట్టుడు వస్తదా?"

* * *

శుక్రవారం తెల్లారెటాలకు ఓనరు పొలం చేరిండ్రు. దక్షిణం దిక్కు, ఖర్జూర చెట్లు, నడుమ ఖాళీ ఇసుక, చుట్టు గోడ. మూడు ఎద్దులు తెప్పిచ్చిండు బూ రాషిద్. అడవిదున్న కుదురుగ నిలబడదు కాబట్టి ఎద్దు గూడ నడుస్తుండాలెనట. పొడుగు తాడు గట్టి, ఆ కొసన మనిషి గుంజుతుండాలె. మనిషికి అడ్డంగ ఒక మట్టి దిబ్బ, దాని పక్కన నీళ్లు పోసే ఇనుప తొట్టి. ఇట్ల కాల్చేటందుకు ఎవ్వలు పర్మిషను ఇయ్యరని అక్కడున్న అందరికి తెల్సు.

"పరశా," అన్నడు ముత్తన్న. "చేతికి తాడు చుట్టుకోకు."

"ఎడ్లు నాకేం కొత్తనా బావా? దుర్గవ్వ కొడుకును నేను, పాలు తాగినప్పటి సంది పగ్గమే పట్టిన." నవ్వుకుంట పోయిండు.

ముత్తన్న ఇంకో మాట అనొచ్చు. పోకురా, ఆ కాల్చెటోని చేయి కుదురుగ లేదు అనొచ్చు. ఓనరు పక్కనే ఉన్నడు గని ఆయనకు తెలుగు రాదు. అయినా అనలే. ఏం గాదులే అనుకున్నడు. ఆ "ఏం గాదులే"ను తల్చుకొని తల్చుకొని పండ్లు కొరుక్కున్నడు తర్వాత.

చిన్నదానితోని మొదటి ఎద్దు. బూ రాషిద్ నింపాదిగ ఊపిరి వదిలి కాల్చిండు. ఎద్దు ముందటి మోకాళ్ల మీద కూలబడి, పక్కకు ఒరిగి, మల్ల కదలలె. నడిపిదానితోని రెండోది. పక్కల్ల తగిలింది, ఇరవై అడుగులు పరిగెత్తి ముక్కులకెల్లి నెత్తురు కక్కి పడ్డది. పొలం కావలి మనిషి గొంతు కోసేటందుకు కత్తి పట్టుకొని ఉరికిండు. ఇసుకంత తడిసి నల్లబడ్డది. ఈగలు ఎక్కడికెల్లి వచ్చినయో ఏమో, అప్పుడే ముసిరినయి.

మూడో ఎద్దు ఎర్రది, పెద్ద మూపురం. నెత్తురు వాసనకు బెదిరి తాడును గుంజుతున్నది. పరశురాం మడమలు ఇసుకల తన్నిపెట్టి, పట్టు జారుతుంటె తాడును ఎడమ చేతికి ఒక చుట్టు చుట్టిండు.

పెద్ద తుపాకి పేలింది. ముత్తన్న ఎద్దును చూడలె, గొట్టం మూతినే చూసిండు. జానెడు కిందికి దిగింది.

తూటా ఎద్దు ముందటి కాలిని మోకాలి కాడ రెండు ముక్కలు చేసింది. ఎద్దు అరిచిన అరుపు మనిషి అరుపు లెక్కనే ఉన్నది. మూడు కాళ్ల మీద లేసి, విరిగిన కాలు తోలుకు వేలాడుతుంటె చెట్ల దిక్కు ఉరికింది. తాడు బిగుసుకున్నది. పరశురాం బోర్లపడి ఇసుకల ఈడ్చుకపోతున్నడు. "బావా! బావా!" అని ఒకటే అరుపు.

"కాల్చకు సాబ్! మనిషి ఉన్నడు!" ముత్తన్న చేతులు ఊపుకుంట ఉరికిండు.

బూ రాషిద్ మల్ల కాల్చిండు, కండ్లు మూసుకొనే. తూటా ఇనుప తొట్టికి తగిలి ఠంగుమన్నది. పరశురాం అరుపు ఆగిపోయింది. తాడు చేతి తోలును గ్లౌజు ఊడదీసినట్టు ఊడదీసి జారిపోయింది. కుడి మోకాలి కాడ ప్యాంటు చిరిగి, లోపట తెల్లగ ఏదో కనబడ్డది, తర్వాత ఎర్రగ ఉబికింది.

ముత్తన్న తువ్వాల తీసి తొడకు బిగిచ్చి కట్టిండు, మోకాలేసి ఒత్తిండు. చేతులు వేడిగ, జిగటగ అయినయి. "పరశా, కండ్లు తెరువురా, నన్ను జూడురా," అనుకుంట చెంపలు కొట్టిండు. ఓనరు ఇటు రాలె. అవతల ఎద్దు చెట్టుకు ఆనుకొని, తల కొట్టుకుంట రంకె వేస్తున్నది. బూ రాషిద్ పెద్దదాన్ని కింద పడేసి, చిన్నది ఎత్తిండు. అంతే దూరం. ఒక్కటే దెబ్బ. ఎద్దు చెవి ఎనక తగిలి కుప్పకూలింది.

మూడు తుపాకులల్ల తనకు ఏది సరిపోతదో ఆ దెబ్బే చెప్పింది. ఆ మొద్దు మొఖానికి అది ఎక్కితె గద!

* * *

శనివారం దవాఖాన వరండల ఎలియేజరు ముత్తన్న పక్కన కూసున్నడు. వర్క్‌షాపు కాయితాలన్ని చూసేది ఆయనే. భీమవరం దిక్కు మనిషి, మహూజ్‌ల కుటుంబంతో ఉంటడు. ప్రతి శుక్రవారం తెలుగు క్రైస్తవ సహవాసంల ప్రార్థన నడిపిస్తడు. చెడ్డోడు కాదు, పిరికోడు. చేతిల ఒక కాయితం.

"చదువుతాను విను ముత్తన్నా. రంపం మిషను దగ్గర పనిచేస్తుండగా పట్టీ బ్లేడు తెగి, దాని ముక్క మోకాల్లో గుచ్చుకుంది. మిషను ఆపకుండా చెయ్యి పెట్టడం పరశురాం సొంత తప్పు. చూసిన సాక్షివి నువ్వు. ఇక్కడ సంతకం పెడితే అయిపోతుంది."

"అయిపోతె ఏమైతది?"

ఎలియేజరు చూపు తిప్పుకున్నడు. "వచ్చే బుధవారం టిక్కెట్టు కొట్టి అతన్ని ఇంటికి పంపేస్తారు."

"డాక్టరు ఇంకో ఆపరేషన్ ఉన్నదన్నడు. అది గాకపోతె కాలు ఇగ వంగదట. ఊళ్లె వానికి ఎవడు చేపిస్తడు? సొంత తప్పు అని రాస్తె కంపినీ చేపిస్తదా?"

"చేయించరు. నాకు మాత్రం సంతోషమా చెప్పు? మా క్రిస్టీనా ఈసా టౌన్‌లో పదో తరగతి చదువుతోంది. ఈ నెల నా వీసా రెన్యువల్. ఎందుకొచ్చిన గొడవయ్యా, నువ్వూ నేనూ ఎంత మనుషులం?"

"రంపం పట్టీ ఉక్కుదే కద అన్నా?"

"అవును. అయితే?"

"డాక్టరు నాకు చూపిచ్చిండు, మోకాల్ల తీసిన ముక్కను. రాగిది. రాగి రంపం యాడనన్న ఉంటదా?"

ఎలియేజరు నుదురు తుడుచుకున్నడు. కాయితం మడిచిండు. "సోమవారం దాకా టైమిస్తాను," అని లేసిండు.

లోపట పరశురాం మంచం మీద కప్పు దిక్కు చూసుకుంట పన్నడు. ఎడమ చెయ్యంత పట్టీ, కాలు ఇనుప చట్రంల. బావను చూసి పెదవులు తడుపుకొని, ఊళ్లె ఉన్న భార్య సంగతే మొదలు అడిగిండు. "కళకు ఫోన్ల ఏం జెప్పినవ్ బావా?"

"కింద పడ్డవని జెప్పిన."

"మంచిగ జెప్పినవ్. నువ్వు లేకపోతె నెత్తురు గారే సచ్చిపోదును. నన్ను బతికిచ్చినవ్ బావా." ఆ మాటకు ముత్తన్న నీళ్లు తెస్తనని బయటకు వచ్చి, నల్లా కాడ మొఖం కడుక్కొని, మల్ల కడుక్కొని, అక్కడనే నిలబడ్డడు.

* * *

సోమవారం పొద్దుగాల హాజీ యూసుఫ్ మేనల్లుని తుపాకి చూస్తనన్నడు. రేంజి కాడికి కర్ర పట్టుకొని మెల్లగ నడిచి వచ్చిండు. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, కండ్లు మాత్రం డేగ కండ్లు. అల్లుడు ముందట నడుచుకుంట గొప్పలు చెప్తున్నడు. మూడు ఎద్దులట, మూడు దెబ్బలట. పెద్దదే అన్నిటికి మొగోడట. ఎనక ఎలియేజరు, చంకల ఆ కాయితం. రాంగనే ముత్తన్న చెవిల, "కాల్చడం అయ్యాక సంతకం చెయ్యి, ఓనరు ఇవాళే కావాలన్నాడు," అన్నడు.

ముత్తన్న తూటాల పెట్టె ముందట కూసున్నడు. ఒక అసలుది. ఒక ఉత్తది. మల్ల ఒక అసలుది. బుధవారం చేసిన పనే. అప్పుడు తన చెక్క గురించి తెల్సుకునేటందుకు చేసిండు. ఇయ్యాల తెల్సుకునేది ఏం లేదు, చూపెట్టేదే ఉన్నది.

మొదటిది పేలింది. కాయితం అంచు చిరిగింది.

"గాలి," అన్నడు బూ రాషిద్.

హాజీ జెర పక్కకు జరిగి, కాయితాన్ని కాదు, అల్లుని మొఖాన్ని చూసుకుంట నిలబడ్డడు.

టిక్కు.

గొట్టం జానెడు కిందికి దిగింది. భుజం ముందుకు వంగింది. కండ్లు మూసుకొనే ఉన్నయి, పెదవులు బిగపట్టి, మెడ నరాలు ఉబ్బి. పేలని తుపాకి ముందట ఆ మనిషి అట్లనే రెండు క్షణాలు నిలబడ్డడు. ఎవ్వలు నవ్వలె. నవ్వినా బాగుండు. పక్క బల్లలోళ్లు గూడ తలలు వంచుకున్నరు.

"ఎవరు ఎక్కిచ్చింది?" హాజీ హిందీల అడిగిండు.

"నేను సాబ్. ఉత్తది పెట్టిన."

"ఎందుకు?"

"శుక్రవారం గూడ గొట్టం ఇట్లనే దిగింది సాబ్. తూటా తొట్టికి తగిలి నా బామ్మర్ది మోకాల్ల దిగింది. ఇప్పుడు రంపం తగిలిందని సంతకం చెయ్యమంటున్నరు. ఆపరేషన్ గాకముందే ఇంటికి పంపుతరట."

బూ రాషిద్ గిర్రున తిరిగిండు. తుపాకి తిరగేసి మడమతోని ముత్తన్న దవడ మీద గుద్దిండు. నెల దినాలు నూనె రాసి నునుపు చేసిన చెక్క అది. పన్ను విరిగిన చప్పుడు లోపటికెల్లి వినబడ్డది. ముత్తన్న బల్ల పట్టుకొని నిలదొక్కుకున్నడు. నోట్లె నెత్తురు ఉప్పగ నిండింది. రెండోసారి మడమ లేసింది గని దిగలె. హాజీ కర్ర కింద పడేసి, రెండు చేతులతోని తుపాకి పట్టుకున్నడు.

ముసలోడు దాన్ని మెల్లగ గుంజుకొని, లోపటున్న మూడో తూటా తీసేసి, బల్ల మీద పెట్టిండు.

"నువ్వు నాతోని రావు," అన్నడు అల్లునితోని, అంతే. ఆ ఒక్క మాటకు బూ రాషిద్ మొఖంల ఉన్న రంగంత దిగిపోయింది. పోలీసులకు చెప్తనన్నా గూడ అంత దిగకపోవు. తర్వాత హాజీ ఎలియేజరు దిక్కు చెయ్యి చాపిండు. కాయితం తీస్కొని, చదివి, నాలుగు మడతలు పెట్టి తన జేబుల పెట్టుకున్నడు. "ఆ మనిషి ఏ దవాఖానల ఉన్నడు? నడువుండ్రి. అక్కడ కూసొని ఉన్నది ఉన్నట్టు రాయి. ఆపరేషన్ అయ్యేదాక ఆయన యాడికి పోడు."

* * *

దవాఖానల మంచం పక్కన స్టూలు మీద కూసొని ఎలియేజరు కొత్త కాయితం రాస్తున్నడు. హాజీ డాక్టరు రూంల ఉన్నడు. ముత్తన్న ఉబ్బిన దవడకు తడిగుడ్డ అద్దుకుంట, తెలుగుల చెప్తున్నడు. పొలం, మూడు ఎద్దులు, తాడు, తొట్టి. ఎలియేజరు దాన్ని ఇంగ్లీషుల పెడ్తున్నడు. పరశురాం మొఖం వెలిగింది. "కాలు వంగుతదట బావా, డాక్టరు గిప్పుడే జెప్పి పోయిండు," అని మూడుసార్లన్న అన్నడు.

"ఇంక అంతేనా?" పెన్ను ఆపిండు ఎలియేజరు.

"ఇంకోటి రాయన్నా. ఆయనకు ఆ తుపాకి అంటె భయమని, గొట్టం కిందికి గుంజుతడని, బుధవారమే నాకు తెల్సు. రేంజిల అడిగితె తూటా ఖరాబ్ అని అబద్ధం జెప్పిన. ఆ మాట నమ్మే అది కొన్నడు."

"అది ఎందుకయ్యా ఇప్పుడు? ఎవరూ అడగలేదుగా! నీ మెడకే చుట్టుకుంటుంది."

"ఉన్నది ఉన్నట్టు అన్నడు గద పెద్దాయన. రాయి."

ఎలియేజరు తల ఊపుకుంట రాసిండు. ముత్తన్న వంగి సంతకం పెట్టిండు. దవడకెల్లి కారిన ఒక చుక్క కాయితం అంచు మీద పడ్డది, గుడ్డతోని అద్దిండు. అప్పటిదాక బామ్మర్ది దిక్కు చూడలె. తలెత్తినప్పుడు పరశురాం ఆయననే చూస్తున్నడు. మొఖంల వెలుగు పోయింది. కోపం గూడ లేదు. ఏదో లెక్క తేలక మల్ల మొదటికెల్లి చేసేటోని తీరు చూస్తున్నడు.

"బుధవారమే ఎరుకనా?"

"ఎరుకనే."

"శుక్రవారం పొద్దుగాల, తాడు చేతికి చుట్టుకోకు అన్నవ్ గద. అప్పుడు గూడ ఎరుకనేనా?"

ముత్తన్న తల ఊపిండు.

"ఓనరుకు జెప్పకపోతె పాయె. వాడు కఫీల్, భయపడ్డవ్. నాకు జెప్తె ఏమవుతుండె? తెలుగుల జెప్తె వానికి సమజ్ గూడ గాకపోవు. నేను తాడు పట్టకపోదును గద."

ఎలియేజరు కాయితం మడిచి మెల్లగ బయటకు పోయిండు. కిటికీల ఏసీ గుర్రుమంటున్నది. పరశురాం మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. అటు తిరిగే ఉండి, "నీళ్లు," అన్నడు.

ముత్తన్న గ్లాసు నింపి, మెడ కింద చెయ్యి పెట్టి తాపిచ్చిండు. పరశురాం తాగిండు. తాగి, దిండు మీద తల ఆనిచ్చి కండ్లు మూసుకున్నడు. బావా అని అనలె.